తాళాలామె

పోయిన నెల మా పాత వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. గ్రూపు పేరు 'టెన్త్ మదర్స్'. పిల్లలు టెన్త్ దాటి, ఇంటర్ దాటి, ఉద్యోగాల్లో కూడా చేరిపోయారు గానీ తల్లులెవరూ గ్రూపు వదల్లేదు. వదిలితే మన వెనకాల ఏం మాట్లాడుకుంటారో అని ప్రతి ఒక్కరికీ గుబులు. నాకూ అదే గుబులు. మెసేజ్ పెట్టింది మండీ ఆమె, అంటే మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ ఉన్నాయన భార్య. "కుప్పం ఆమె పోయిందంట, గుండెపోటు" అని రాసింది. ఏ కుప్పం ఆమె అని ఎవరో అడిగారు. "అదే, పేపర్ దొంగ, తాళాలామె" అని జవాబు. వెంటనే వరసపెట్టి చేతులు జోడించిన బొమ్మలు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి పోయాక కూడా ఆ పేరుతోనే గుర్తుపట్టాలా? ఆమెకు సొంత పేరు ఉండేది. దాన్ని నేనిక్కడ రాయను. రాస్తే సగం మదనపల్లె గుర్తుపడుతుంది, మిగతా సగం గుర్తుపట్టినట్టు నటిస్తుంది. పేరు వదిలేసి మనిషిని చెప్తాను.

మా పిల్లలు చదివిన స్కూలుకు చుట్టుపక్కల మండలాల నుంచి, ఇటు రామసముద్రం నుంచి అటు కుప్పం దాకా, తల్లులు బిడ్డల్ని వెంటబెట్టుకుని వచ్చి కాపురాలు పెట్టేవాళ్లు. మొగుడు ఊర్లో సేద్యం చూసుకుంటాడు, తల్లి ఒక రూము బాడుగకు తీసుకుని బిడ్డను చదివిస్తుంది. స్కూలు వెనక మా వీధంతా అలాంటి రూములే. ఎవరింట్లో లైటు ఎప్పుడు వెలిగింది, ఎవరి బిడ్డ పుస్తకం మీద కునికిపాట్లు పడింది, ఎవరు కొత్త గైడు కొన్నారు, ఇవన్నీ పొద్దున పాలు పోయించుకునే చోటే తేలిపోయేవి. మధ్యాహ్నం క్యారియర్లు పట్టుకుని స్కూలు గేటు లోపలి రేకుల షెడ్డులో చేరేవాళ్లం. పైకి కూరల గురించి మాట్లాడుకునేవాళ్లం. లోపల అందరి ధ్యాసా ర్యాంకు మీదే. టెన్త్‌లో ఫస్ట్ వచ్చిన బిడ్డకు అదే యాజమాన్యం నడిపే జూనియర్ కాలేజీలో ఫీజు లేకుండా సీటు ఇచ్చేవాళ్లు మరి.

మాది ఆ వీధిలో సొంత ఇల్లు. నా కూతురు సెకండ్ ర్యాంకు. ఆమె కూతురు ఫస్ట్. మా ఇద్దరి గురించి ఇంతకంటే పరిచయం అక్కర్లేదనుకుంటాను.

వాళ్లది రామకుప్పం పక్క ఏదో పల్లె. ఏనుగులు వచ్చి రాగి చేలు తొక్కేస్తాయని మొగుడు కాపలా వదిలి వచ్చేవాడు కాదు. మాకు ఆ పల్లె పేరు నోరు తిరగక కుప్పం ఆమె అనేసేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఏదడిగినా "నేను అడివి పక్క మనిషిని, నాకేం తెలస్తాదక్కా" అనేది. నడుస్తుంటే గలగలమని చప్పుడయ్యేది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి చప్పుడది. పెద్ద ఇనుప రింగుకు బోలెడన్ని తాళంచెవులు, తుప్పు పట్టినవి, వంకర పోయినవి, పాతకాలం పెట్టెలవి. ఉండేది ఒక్క రూములో. దానికి ఒక్క తాళం. తక్కినవన్నీ ఎందుకు?

నాకు మనసులో పెట్టుకోవడం చేతకాదు, అడిగేశాను.

"ఇన్ని బీగాలు యాలమ్మా నీకు?"

"ఊర్లో ఇల్లు ఉండాది కదక్కా, దానివి."

"ఆ ఇంటికి అన్ని వాకిండ్లు ఉండాయా?"

"ఉండాయి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. పాలామె నవ్వుతూ పోస్తే ఆ రోజు నీళ్లు ఎక్కువ కలిపిందనుకుంటాను.

తాళాలతో ఆగి ఉంటే సరే. వాళ్ల కిటికీకి లోపలి నుంచి నల్ల కంబళి వేలాడేది. రాత్రి తొమ్మిదికంతా లైటు ఆరిపోయేది. ఫస్ట్ ర్యాంకు బిడ్డ తొమ్మిదికి పడుకుంటుందంటే మా వీధిలో ఎవరు నమ్ముతారు? కంబళి చాటున చిన్న దీపం పెట్టుకుని చదివిస్తోందని మండీ ఆమె తీర్మానం. తెల్లవారి పాలకు పోయేటప్పుడు ఒకరిద్దరు ఆ కిటికీ దగ్గర చెప్పు తెగినట్టు ఆగి చెవులు రిక్కించారు కూడా. ఏమీ వినపడలేదట. వినపడకపోవడంతో అనుమానం ఇంకా బలపడింది.

ఆ బిడ్డ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక తెల్లమాత్ర వేసుకునేది. మాత్రకు అట్ట ఉండదు, పేరు ఉండదు. చిన్న గాజుసీసాలోంచి తల్లి తీసిచ్చేది. ఏం మాత్రమ్మా అంటే "బలానికక్కా, బిడ్డకు నీరసం" అనేది. అది జ్ఞాపకశక్తి మాత్ర అని షెడ్డు మొత్తం నిర్ణయించేసింది. ఒకామె మొగుణ్ని బెంగళూరు పంపించి ఏవో ఆకుపచ్చ గోళీలు తెప్పించి కొడుకు చేత మింగించింది. వాడికి విరేచనాలు పట్టుకుని లెక్కల పరీక్ష సగంలో లేచి వచ్చేశాడు. ఆ పాపం కూడా కుప్పం ఆమె ఖాతాలోనే వేశారు.

మేమంతా క్యారియర్లు కడుక్కుని ఇళ్లకు పోతే ఆమె మాత్రం సాయంత్రం బెల్లు దాకా షెడ్డు చివర కూర్చునేది. ఎవరిదో చింతపండు తెచ్చుకుని గింజలు తీసేది. చేతులు గింజల మీద ఉంటే కళ్లు టెన్త్ క్లాసు కిటికీ మీద ఉండేవి. బిడ్డను ఆటలకు పంపదు, విహారయాత్రకు పంపదు. క్లాసులో ఏం చెప్తున్నారో దొంగచాటుగా కనిపెడుతోందని కొందరు, ఏ సారుతోనో సైగలు నడుస్తున్నాయని కొందరు. ఒకరోజు మాత్రం నాతో మనసు విప్పినట్టు మాట్లాడింది.

"ఫీజు కట్టి ఇంటర్ సదివించేది నా సేత కాదనేసినాడక్కా బిడ్డ నాయన. ఈ ర్యాంకు పోతే బిడ్డ సదువు ఆడికి ఆకరు. నాతో కూడా రాగులు కోస్తా ఉంటాది."

ఆ మాట నిజమేనని ఆమె గొంతు చెప్పింది. అయినా నేను దాన్ని మనసులో ఇంకో పక్క రాసుకున్నాను. అంత అవసరం ఉన్న మనిషి దేనికైనా తెగిస్తుంది కదా.

ఇక పుంగనూరు సంగతి. నెలకొకసారి బిడ్డను గేటు లోపలికి పంపించి, "ఊరికి పోతాండా" అని కుప్పం బస్సెక్కేది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి క్యారియర్‌తో షెడ్డులో ఉండేది. మదనపల్లె నుంచి కుప్పం పోయి మధ్యాహ్నానికి తిరిగి రావాలంటే ఆ బస్సుకు రెక్కలు ఉండాలి. మధ్యలో పుంగనూరులో దిగిపోతోందని అందరికీ అర్థమైంది. మా స్కూలు పరీక్ష పేపర్లు అక్కడే ఏదో ప్రెస్సులో అచ్చు వేయిస్తారని ఒక పుకారు ఉండేది. ఇంక మాకు కలుపుకోవడానికి ఏం మిగిలింది?

ప్రీ ఫైనల్ పరీక్షలకు కొంచెం ముందు మండీ ఆమె పుంగనూరులో పెళ్లికి పోయింది. సాయంత్రానికి గ్రూపులో ఒక ఫోటో పడింది. పుంగనూరు బస్టాండు. హెల్మెట్ తియ్యని మనిషి ఒకడు, ఎదురుగా కుప్పం ఆమె. అతని చేతిలోంచి ఆమె చేతిలోకి పోతున్న ఖాకీ కవరు. ఫోటో కింద మండీ ఆమె ఒక్క మాట కూడా రాయలేదు. రాయాల్సిన పని లేదు.

మరుసటి రోజు తల్లులందరూ కరస్పాండెంట్ సారు గదికి బయల్దేరారు. నేనూ పోయాను, కళ్లారా చూడాలి కదా. సారు ఆమెను పిలిపించాడు, బిడ్డను కూడా క్లాసులోంచి పిలిపించాడు. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి మా అందరి మొహాల్లోకి మార్చి మార్చి చూస్తోంది. సారు ఫోను ఆమె ముందు పెట్టాడు.

"ఏమ్మా, ఈ కవర్లో ఏముండాది?"

ఆమె ఫోటో చూసింది. బిడ్డను చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"పేపరు సార్" అంది.

 మేము అనుమానించాం గానీ, ఆమె ఒప్పుకుంటుందని ఎవరనుకున్నారు?

"ఆడ ప్రెస్సులో పనిచేసే ఆయప్ప పరీక్ష పేపరు ఇప్పిస్తానన్నాడు సార్. నన్ను మోసం చేసినాడు. ఇప్పి సూస్తే అన్నీ తెల్లకాయితాలు. నా బిడ్డకు ఏమీ తెలీదు. తప్పు నాది."

"మరి ఆ బీగాలో?" అని మండీ ఆమె అందుకుంది.

"అవీ అంతే. ఈడ ఆఫీసు బీరువాకు ఏదన్నా సరిపోతాదేమోనని."

ఏది అడిగితే అది ఒప్పేసుకుంది. అంత సులభంగా తప్పు ఒప్పుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. నాకు అదే మింగుడు పడలేదు. నిజంగా దొంగతనం చేసినవాళ్లు ముందు కాసేపు ఏడుస్తారు, ఎవరి మీదనో ఒట్లు పెడతారు, ఫోటోలో ఉన్నది నేను కాదంటారు. ఈమె మమ్మల్ని తొందరగా ఇంటికి పంపించాలన్నట్టు జవాబులు చెప్తోంది. ఏదో ఇంకా పెద్దది దాస్తోంది అనుకున్నాను.

కరస్పాండెంట్ సారు కాసేపు ఆలోచించాడు. ఆ బిడ్డ ర్యాంకు మీద ఆయన ఫ్లెక్సీలు, కరపత్రాలు ఆధారపడి ఉన్నాయి. "పిల్లకు తెలీదంటాండావు కాబట్టి పరీక్ష రాయనీ. నువ్వు మాత్రం ఇంగ గేటు లోపల కాలు పెట్టకూడదు" అన్నాడు. ఆమె చేతులు జోడించి దండం పెట్టింది. ఆ పిల్ల తల్లి మొహం చూడకుండా క్లాసుకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను వాకిట్లో బియ్యం చెరుగుతుంటే గలగలమని చప్పుడు. తలెత్తితే ఎదురుగా ఆమె. కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు ముడి విప్పి ఒక మాత్రల అట్ట నా చేతిలో పెట్టింది.

"ఇది మూర్ఛకక్కా. నా బిడ్డకు ఫిట్స్ వస్తాది."

నేను అట్ట వంకా, ఆమె వంకా చూశాను.

"ఎక్కువగా తెల్లారుజామున నిద్దర్లోనే వస్తాది. లేసినాక దానికి గ్యాపకం ఉండదు. నిద్ర తగ్గితే వస్తాదని డాక్టరు సెప్పినాడు, అందుకే పెందలాడే పండబెడతా. ఎవురికన్నా కనపడతాదని కంబళి కట్టినా. కవరు ఇచ్చినాయప్ప పుంగనూరు ఆస్పత్రిలో పని సేస్తాడు, మా ఊరోడే. ఆ కవర్లో ఉండింది ఈ మాత్రలే."

"ఈడ మెడికల్ షాపులు లేవా?"

"ఉండాయి. ఏ షాపుకు పోయినా కౌంటర్లో ఉండే ఆయప్ప బిడ్డ మన స్కూల్లోనే సదవతా ఉంటాది కదక్కా."

అది నిజమే. నేను దాని దగ్గర ఆగలేదు.

"నిజం సెప్పేసి ఉంటే సరిపోయేది కదమ్మా. ఈ దొంగ పేరు నువ్వు పోయినా పోదు."

"పోయిన సంవత్సరం ప్రేయర్లో ఒక పిల్లోడు ఫిట్స్ వచ్చి పడిపోయినాడు. ఆ సాయంత్రమే వాళ్ల నాయన సేతిలో టీసీ పెట్టినారు, బాగయినాక తీసుకురాండని. నువ్వూ ఆడే ఉండావు." ఆమె గొంతు పెంచలేదు. "దొంగ బిడ్డను పరీక్ష రాయనిచ్చినారు కదక్కా. జబ్బు బిడ్డను రాయనిచ్చినారా?"

తర్వాత నడుములోంచి తాళాల గుత్తి తీసింది. వాళ్ల పల్లెల్లో మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారు. పెద్ద ఇనుప ముక్క పట్టుకుని స్కూలుకు వస్తే అందరూ అడుగుతారని, ఊరంతా తిరిగి పనికిరాని తాళంచెవులు ఏరుకుని రింగుకు గుచ్చుకుందట. గుత్తి అయితే ఎవరూ ఏమీ అనుకోరనుకుంది. మేమేమనుకున్నామో మీకు తెలుసు.

"డాక్టరు పెట్టమన్నాడా ఇది?"

"వొద్దన్నాడు. పక్కకు తిప్పి పండబెట్టు, నోట్లో ఏమీ పెట్టొద్దు అన్నాడు. నువ్వు అదీ సెయ్యి, ఇదీ పెట్టు."

అప్పుడు గానీ ఆమె ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆమె ఇంక షెడ్డులో కూర్చోవడానికి లేదు. ఆ చోట నన్ను కూర్చోమంటోంది.

"ఇంతమంది ఉండగా నేనే యాలమ్మా? నీ బిడ్డ వెనకాల ర్యాంకు నా బిడ్డదే కదా."

"అందుకే" అంది. "నువ్వు ఎట్లాగూ నా బిడ్డ మిందనే కండ్లు పెట్టుకోని ఉంటావు. ఇంగెవురూ అంత సూడరు. నా బిడ్డకు ఏమన్నా అయితే అందురూ ముందు నిన్నే అనుమానిస్తారు. అది నీకూ తెలుసు. నువ్వు బాగా సూసుకుంటావు."

అడవి పక్క మనిషినని చెప్పుకునే మనిషి తెలివి ఇది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె అంతటితో వదల్లేదు. బిడ్డకు తెలిస్తే పరీక్ష మీద మనసు నిలవదని, జబ్బు మాట తర్వాత పెళ్లికీ అడ్డమని, ఎప్పటికీ చెప్పనని నా కూతురి తల మీద నా చేత ఒట్టు వేయించుకుని గానీ వాకిలి దాటలేదు.

నేను ఊరికే నమ్మే రకం కాదు. ఆమె అటు పోగానే బెంగళూరులో ఫార్మసిస్టుగా ఉన్న మా పిన్ని కొడుక్కు ఫోను చేసి మాత్ర పేరు చదివి వినిపించాను. మూర్ఛ మాత్రే అన్నాడు.

అలా పరీక్షలయ్యేదాకా నేను షెడ్డు చివర కూర్చున్నాను, చింతపండుతో, ఆ తాళాల గుత్తితో సహా. మండీ ఆమె నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. కుప్పం ఆమె రోడ్డుకు అవతల జిరాక్స్ షాపు ముందు నిలబడేది. బిడ్డ ఎట్లుందని గడ్డం ఎగరేసి అడిగేది. బాగుందని నేను కళ్లు వాల్చేదాన్ని. అంతే మా మాటలు. సాయంత్రం ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని తల్లి పక్క నుంచే, ఎవరో అన్నట్టు నడిచి పోయేది. తల్లి కొంచెం వెనకగా నడిచేది.

నా కాపలాలో ఆ పిల్లకు ఏమీ కాలేదు. పరీక్షలు బాగా రాసింది. ఆ పిల్లకే ఫస్ట్ వచ్చింది, మాకు సెకండ్. మా అమ్మాయి నా మీద అలిగింది, నువ్వు దాని ముఖం చూస్తూ కూర్చున్నావు అని. ఇంటర్ అయ్యేలోపు డాక్టరే మాత్రలు నిలిపేశాడని చెప్పి, బిడ్డ ఇంటర్ పూర్తికాగానే కుప్పం ఆమె రూము ఖాళీ చేసి ఊరికి పోయింది. తర్వాత కుప్పంలో చిన్న ఇల్లు కట్టుకున్నారని, బిడ్డకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని విన్నాను. ఇప్పటికీ నాకు ఒక అనుమానం ఉంది. ఆ సాయంత్రం ఆమె నన్ను నమ్మి వచ్చిందా, కట్టిపడేయడానికి వచ్చిందా? రెండూ అయ్యుంటాయి.

పెద్దకర్మకు కుప్పం పోయాను. గ్రూపులో ఇంకెవరూ రాలేదు. పటానికి దండ వేసి ఉంది. ఆ పిల్ల వచ్చినవాళ్లకు ఆకులు వేయిస్తూ, నీళ్లు పోయిస్తూ ఆఫీసు పనిలా అన్నీ చూసుకుంటోంది. తల్లి పోయినప్పటి నుంచి కంట తడి పెట్టలేదని లోపల ఆడవాళ్లు గొణుక్కుంటున్నారు. భోజనాలయ్యాక ఆ పిల్ల నన్ను మిద్దె మీదకు తీసుకుపోయింది.

"ఆంటీ, మీరు మాయమ్మను దినామూ చూసినోళ్లు. ఒకటి అడగనా?"

"అడుగమ్మా."

"మాయమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా రోజూ నా పుస్తకం తెరిచి ఏదో ఒక ప్రశ్న మింద వేలు పెట్టేది, ఇది సెప్పు అనేది. ఆమె వేలు పెట్టినవి సానా పరీక్షల్లో వచ్చినాయి." పిట్టగోడ మీద గీతలు గీస్తూ మాట్లాడుతోంది. "పేపరు ఆమెకు నిజంగానే దొరికిందా ఆంటీ? బ్యాంకులో అందరూ నన్ను తెలివైందంటారు. అన్నప్పుడల్లా నాకు భయమేస్తాది. నాది ఏదో, దొంగది ఏదో నాకే తెలీదు."

నా బిడ్డ తల మీద ఒట్టు ఉంది. కానీ ఒట్టు వేయించుకున్న మనిషి కింద పటంలో ఉంది, ఎవరి కోసం వేయించుకుందో ఆ పిల్ల నా జవాబు కోసం చూస్తోంది. నేను చెప్పేశాను. మూర్ఛ, మాత్రలు, కంబళి, పుంగనూరు కవరు, అన్నీ. ఆఫీసులో మీ అమ్మ చెప్పినదాంట్లో ఒక్కటి కూడా నిజం కాదన్నాను.

పిట్టగోడ మీద గీతలు గీసే వేలు ఆగిపోయింది.

"అయితే ఆ మార్కులు నావేనా?"

"అన్నీ నీవే. మీయమ్మ దినామూ ఒక ప్రశ్న మింద వేలు పెడితే పుస్తకమంతా అయిపోతాది, వాట్లో కొన్ని పరీక్షలో రాకుండా ఉంటాయా? మా అమ్మాయిని అడుగు, ఇప్పటికీ నీ మీద కోపంగా ఉండాది."

నవ్వబోయింది గానీ నవ్వలేకపోయింది.

"ఆ పొద్దు స్కూలు నుంచి ఇంటికి పోయినాక, సంగటి తుంచి పప్పులో అద్ది నా నోటి కాడికి తెచ్చిందాంటీ. దొంగ సెయ్యి నాకొద్దు అన్నాను. ఆ సెయ్యి అట్లనే ఎనక్కి తీసుకునింది. మళ్లా ఎప్పుడూ నాకు తినిపించలేదు. నేనూ అడగలేదు."

అని చెప్పి పిట్టగోడ పట్టుకుని కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆ పిల్లను పట్టుకున్నాను.  నేనూ ఏడ్చాను.